పాత ఇంట్లో కంప్యూటర్: ఎర్త్ లేని ప్లగ్‌తో జాగ్రత్త

ఈ పత్రం ఎవరికి?

మహిళా సంఘం రుణంతో గానీ, కార్పొరేషన్ రుణంతో గానీ కంప్యూటర్, ప్రింటర్ తెచ్చుకుని ఇంట్లోనే పని మొదలుపెట్టిన అక్కలకు, తమ్ముళ్లకు. మీరు ఉండేది కొత్త ఇల్లయితే ఒకసారి చదివి పక్కన పెట్టొచ్చు. గూనపెంకుల ఇల్లో, మట్టి గోడల ఇల్లో, ముప్పై నలభై ఏళ్ల కిందటి డాబానో అయితే మాత్రం చివరిదాకా చదవండి. చదవడం రాని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకూ చదివి వినిపించండి. ఆ ఇంట్లో వాళ్లూ తిరుగుతారు కదా.

పాత ఇళ్లలో కరెంటు పని ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. గోడ మీద చెక్క పట్టీ, దాని మీద మేకులతో కొట్టిన వైరు, చెక్క బోర్డు, నల్ల స్విచ్చులు. ఆ రోజుల్లో ఇంటికి రెండు బల్బులు, ఒక ఫ్యాను ఉంటే గొప్ప. వాటికి రెండు వైర్లు చాలు. అందుకే చాలా ఇళ్లలో ప్లగ్ సాకెట్‌కు రెండే రంధ్రాలు. తర్వాత ఎప్పుడో ఫ్రిజ్ వచ్చినప్పుడు మూడు రంధ్రాల సాకెట్ బిగించి ఉంటారు. కానీ లోపలికి వచ్చేవి అవే రెండు వైర్లు. పైన ఉన్న పెద్ద రంధ్రం వెనక ఏ వైరూ ఉండదు. బయటికి చూస్తే త్రీ పిన్, లోపల టూ పిన్.

చేయి పెడితే జివ్వుమంటోందా?

శిక్షణకు వచ్చేవాళ్లలో ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు ఈ మాట అడుగుతారు. "సార్, సీపీయూ డబ్బా వెనక చెయ్యి పెడితే చీమ కుట్టినట్టు అయితది, ఏమన్నా అయితదా?" దుకాణం వాళ్లను అడిగితే "ఏం గాదు, చెప్పులేసుకుని కూచోండి" అంటారట. ఆ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగమే ప్రమాదం.

నిజం ఉన్న సగం ముందు చెబుతాను. కంప్యూటర్ డబ్బా లోపల కరెంటును మార్చే ఒక పెట్టె ఉంటుంది, ఎస్‌ఎంపీఎస్ అంటారు. అది పనిచేసేటప్పుడు వచ్చే విద్యుత్ గోలను బయటికి పోనివ్వకుండా, ఫేజు వైరు నుంచి ఒకటి, న్యూట్రల్ వైరు నుంచి ఒకటి, రెండు చిన్న కెపాసిటర్లను ఇనుప డబ్బాకు కలిపి పెడతారు. ఆ గోల డబ్బా మీదుగా ఎర్త్ వైరులోకి, అక్కడి నుంచి భూమిలోకి పోవాలి. లెక్క అది. ఎర్త్ వైరే లేకపోతే అది పోయే దారి లేక డబ్బా మీదే నిలుస్తుంది. అప్పుడు డబ్బా మీద 230 వోల్టుల్లో సగం, అంటే 115 వోల్టుల దాకా ఉంటుంది. టెస్టర్ పెడితే లైటు వెలుగుతుంది. వోల్టులు అన్ని ఉన్నా ఆ దారిలో రాగలిగే కరెంటు చాలా తక్కువ, సాధారణంగా ఒక మిల్లీ ఆంపియర్ కూడా ఉండదు. అందుకే జివ్వుమని ఊరుకుంటుంది. యంత్రం పాడైందని దానర్థం కాదు.

ఇక రెండో సగం. లోపల ఒక వైరు పైతొక్క ఒలిచిపోయి డబ్బాకు తగిలిందనుకోండి. ఎలుక కొరికినా, వేడికి కరిగినా, చెమ్మ చేరినా అలా జరుగుతుంది. అప్పుడు డబ్బా మీద పూర్తి 230 వోల్టులు ఉంటాయి, ఎంత కరెంటైనా వస్తుంది. మనిషి ఒంట్లోంచి పది మిల్లీ ఆంపియర్లు దాటితే పట్టుకున్న చేయి వదలదు. ముప్పై దాటి కొన్ని క్షణాలు పారితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. గమనించాల్సింది ఏమిటంటే, మొన్నటి మామూలు జివ్వుకూ ఇవాళ్టి ప్రాణాంతకమైన కరెంటుకూ టెస్టర్ ఒకేలా వెలుగుతుంది. రెండింటికీ తేడా టెస్టర్ చెప్పదు. చెప్పేది చేయే. చేయి పెట్టి తెలుసుకునే విషయమా ఇది?

కాబట్టి జివ్వుమనడం యంత్రం చెప్పే సమాచారం అనుకోండి. "ఈ ఇంట్లో నాకు ఎర్త్ లేదు, రేపు నిజంగా ఏదైనా జరిగితే నిన్ను కాపాడేది ఏదీ లేదు" అని చెబుతోంది.

మూడో పిన్ను ఎందుకు లావుగా, పొడుగ్గా ఉంటుంది?

త్రీ పిన్ ప్లగ్ చేతిలోకి తీసుకుని చూడండి. పై పిన్ను మిగతా రెండింటికంటే లావు, పొడుగు. ప్లగ్ గుచ్చేటప్పుడు అన్నిటికంటే ముందు అది తగలాలి, పీకేటప్పుడు అన్నిటికంటే చివర అది వదలాలి. అంటే కరెంటు వచ్చే ముందే రక్షణ వచ్చి, కరెంటు పోయాకే రక్షణ పోవాలి. అంత ఆలోచించి పెట్టిన పిన్నును మనం సాకెట్‌లో పట్టడం లేదని పట్టకారుతో విరిచేస్తున్నాం. లేదంటే పది రూపాయల టూ పిన్ కన్వర్టర్ పెట్టి దాన్ని గాలిలో వదిలేస్తున్నాం.

ఎర్త్ వైరు మామూలు రోజుల్లో ఏ పనీ చేయదు. ఉన్నా లేకున్నా కంప్యూటర్ ఆన్ అవుతుంది, ప్రింట్ వస్తుంది. అందుకే ఎవరికీ దాని మీద పట్టింపు ఉండదు. లోపల ఫేజు డబ్బాకు తగిలిన రోజున మాత్రం ఆ కరెంటు మనిషి కోసం ఎదురుచూడకుండా ఎర్త్ వైరు గుండా భూమిలోకి పోవాలి. దారి బాగుంటే ఫ్యూజు కొట్టేస్తుంది, సరఫరా ఆగిపోతుంది.

న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపితే ఏమవుతుంది?

ఈ భాగం జాగ్రత్తగా చదవండి. మన ఊళ్లలో అందరికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. ఎవరి మీదా నేరం మోపడానికి చెప్పడం లేదు. చేసేవాళ్లు మంచి అనుకునే చేస్తున్నారు.

నేను ఫీల్డ్‌కు వెళ్లిన ఒక ఊళ్లో ఒక అక్క రుణం మీద కంప్యూటర్, ప్రింటర్ తెచ్చుకుంది. దరఖాస్తులు నింపడం, ఫొటోలు తీయడం, జిరాక్సులు. అత్తగారి కాలం నాటి పెంకుటిల్లు, ముందు అరలో బల్ల వేసుకుంది. మొదటి వారంలోనే జివ్వుమంటోందని తెలిసిన అబ్బాయిని పిలిపించింది. అతను సాకెట్ విప్పి, లోపల ఒక చిన్న వైరు ముక్కతో న్యూట్రల్ పిన్నునూ ఎర్త్ పిన్నునూ కలిపేశాడు. ఐదు నిమిషాల పని. జివ్వుమనడం ఆగిపోయింది, టెస్టర్ వెలగడం ఆగిపోయింది. ఆమెకు సంతోషం, అతనికి వంద రూపాయలు.

జివ్వు ఎందుకు ఆగిందో చూడండి. న్యూట్రల్ వైరు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమికి కలిసి ఉంటుంది. కాబట్టి అది బాగున్నంతసేపు ఎర్త్ లాగే కనిపిస్తుంది. బాగున్నంతసేపే.

నాలుగు నెలలు గడిచాయి. ఎండాకాలం చివర సాయంత్రం పూట గాలివాన వచ్చింది. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరులో న్యూట్రల్ జాయింటు ఊడిపోయింది. ఫేజు అలాగే ఉంది. ఇంట్లో బల్బు ఆరింది, ఫ్యాను ఆగింది. కరెంటు పోయిందనుకున్నారు. ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ బల్బు స్విచ్ ఆన్‌లోనే ఉంది. స్తంభం నుంచి వచ్చిన ఫేజు ఆ బల్బు తీగ గుండా ఇంట్లోని న్యూట్రల్ వైరులోకి వచ్చింది. వెనక్కి వెళ్లే దారి తెగిపోయింది కాబట్టి అక్కడే నిలిచింది. ఆ న్యూట్రల్ నుంచి ఆ చిన్న వైరు ముక్క మీదుగా ఎర్త్ పిన్నుకు, ఎర్త్ పిన్ను నుంచి కంప్యూటర్ డబ్బాకు చేరింది. ఇల్లంతా చీకటి, డబ్బా మీద 230 వోల్టులు.

వాన చినుకులు లోపలికి కొడుతున్నాయని ఆమె చీకట్లో కంప్యూటర్‌ను పక్కకు జరపబోయింది. కాళ్లకు చెప్పులు లేవు, తడి గచ్చు. ఎగిరి వెనక్కి పడింది కాబట్టి బతికింది. చేయి పట్టుకుపోయి ఉంటే వదిలించడానికి దగ్గర్లో ఎవరూ లేరు. మోచేతి దాకా రెండు రోజులు తిమ్మిరి తగ్గలేదని చెప్పింది.

ఇందులో యంత్రం తప్పు ఏమీ లేదు. లోపల ఏ వైరూ ఒలిచిపోలేదు. ఫ్యూజు కూడా పోలేదు. ఆ రెండంగుళాల వైరు ముక్క లేకుండా ఉంటే ఆ రోజు ఆమెకు ఏమీ అయ్యేది కాదు. ఎర్త్ లేకుండా ఉండటం కంటే దొంగ ఎర్త్ పెట్టుకోవడం ఎక్కువ ప్రమాదం అని నేను అంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

మీ ఇంట్లో ఎవరైనా "ఎర్త్ ఇచ్చేశానక్కా" అని ఐదు నిమిషాల్లో సాకెట్ బిగించి వెళ్లి ఉంటే, ఆ సాకెట్‌ను మెయిన్ ఆపి మళ్లీ విప్పించి చూడమనండి. కొత్తగా గోడ మీద ఆకుపచ్చ వైరు ఏదీ రాకుండా ఎర్త్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంకొన్ని అడ్డదారులు

నల్లా పైపుకు వైరు చుట్టడం. పైపు ప్లాస్టిక్‌దైతే అది ఎర్తే కాదు. ఇనుపదైతే మీ ఇంట్లో కరెంటు తగిలిన రోజున పక్కింటి పిల్లవాడు నల్లా తిప్పి షాక్ తింటాడు. కిటికీ ఊచలకు, రేకుల ఇనుప దూలానికి చుట్టడం కూడా ఇంతే.

వాకిట్లో మూరెడు ఇనుప చువ్వ దిగ్గొట్టి వైరు కట్టడం. వానాకాలంలో కొంచెం పనిచేస్తుంది. ఏప్రిల్ నాటికి ఆ మట్టి ఎండి పెంకులా అవుతుంది, చువ్వ ఉన్నా లేనట్టే.

ఒకటే సాకెట్ నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టి అన్నీ దానికే గుచ్చడం. దీని గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ బాక్స్ లోపల అన్ని ఎర్త్ పిన్నులూ ఒకదానికొకటి కలిసి ఉంటాయి. గోడలో ఎర్త్ లేకపోతే, ప్రింటర్‌లో కరెంటు తగిలినా అది ఎర్త్ పిన్నుల మీదుగా కంప్యూటర్ డబ్బాకు వస్తుంది. అక్కడి నుంచి యూఎస్‌బీ వైరు మీదుగా దానికి తగిలించిన వాటన్నిటికీ పోతుంది. ఒకటి చెడితే అన్నీ కొడతాయి. మామూలు రోజుల్లో కూడా మూడు యంత్రాల జివ్వు కలిసి పెద్ద జివ్వు అవుతుంది.

మరి ఇవాళ ఏం చేయాలి?

ఎర్త్ పని పూర్తయ్యేదాకా పని ఆపేయమని చెప్పను. కిస్తీ ఆగదు కదా. ల్యాప్‌టాప్ ఉంటే దానితో నడిపించండి. ఛార్జర్ రెండు పిన్నులదై, దాని మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటే దానికి ఎర్త్ అక్కర్లేదు, లోపల రెండు పొరల రక్షణ ఉంటుంది. ఇనుప ఒళ్లు ఉన్న ల్యాప్‌టాప్ అయితే ఆ ఛార్జర్‌తో కూడా కొంచెం జివ్వుమనవచ్చు. ఛార్జింగ్ నిండాక వైరు తీసి వాడుకోండి. మూడు పిన్నుల ఛార్జర్ అయితే దానికి ఎర్త్ కావాలి.

ఇంకా కంప్యూటర్ కొనని వాళ్లు, కొటేషన్ తెచ్చుకునే దశలో ఉన్నవాళ్లు, ఇల్లు పాతదైతే డెస్క్‌టాప్ బదులు ల్యాప్‌టాప్‌కు అడగండి. ఛార్జర్ ఎన్ని పిన్నులదో దుకాణంలోనే చూసుకోండి.

డెస్క్‌టాపే ఉంటే, వైర్లు తగిలించేటప్పుడు, తీసేటప్పుడు ముందు గోడ దగ్గర ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే సరిపోదా అంటే, పాత ఇళ్లలో చాలాచోట్ల స్విచ్ ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద ఉంటుంది. స్విచ్ ఆపినా ఫేజు లోపలే ఉంటుంది. తడి చేతులు, తడి నేల వద్దు. టీవీ కేబుల్ వైరును, కంప్యూటర్‌ను కరెంటు ఉండగా కలపొద్దు. కేబుల్ వైరు ఎక్కడో ఒకచోట భూమికి తగిలి ఉంటుంది, చిటుక్కుమని నిప్పురవ్వ వచ్చి పోర్టు కాలిపోతుంది. మరమ్మతుకు అయ్యే ఖర్చు రుణంలో రాదు.

మొదటి ఖర్చు ఆర్‌సీసీబీ మీద పెట్టండి

డబ్బులు కొంచెమే ఉంటే దేనికి ముందు పెట్టాలి అని అడుగుతారు. నా సమాధానం ఆర్‌సీసీబీ. కొందరు పాత అలవాటుగా ఈఎల్‌సీబీ అంటారు. చూడటానికి ఎంసీబీలాగే ఉంటుంది, మీద "టి" అని చిన్న బటన్ ఉంటుంది. మంచి కంపెనీది రెండు వేలు అటూ ఇటూగా వస్తుంది. మీద 30 మిల్లీ ఆంపియర్లు అని రాసి ఉన్నదే తీసుకోండి. 100, 300 అని ఉన్నవి ఇంట్లో మనిషి రక్షణకు కావు.

అది చేసే పని చాలా సులువైన లెక్క. ఫేజులో ఎంత కరెంటు లోపలికి పోయిందో, న్యూట్రల్‌లో అంతా వెనక్కి వచ్చిందా లేదా అని చూస్తూ ఉంటుంది. ఇంటికి ఇచ్చిన పాల లెక్క లాంటిదే. తేడా వచ్చిందంటే ఆ తేడా ఎవరి ఒంట్లోంచో, ఏ గోడలోంచో భూమిలోకి పోతోందని అర్థం. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికి సెకనులో చిన్న భాగంలోనే సరఫరా కొట్టేస్తుంది. దీనికి ఎర్త్ వైరుతో పనిలేదు. ఎర్త్ లేని ఇంట్లో కూడా పనిచేస్తుంది. పాత ఇంటికి దీన్ని ముందు చెప్పడానికి కారణం అదే.

అలాగని ఎర్త్ మానేయొచ్చా? మానకూడదు. ఎర్త్ లేకుండా ఆర్‌సీసీబీ మాత్రమే ఉంటే, డబ్బాకు కరెంటు తగిలినా అది ఊరికే ఉంటుంది. ఎందుకంటే ఇంకా కరెంటు ఎటూ పోలేదు, లెక్కలో తేడా రాలేదు. ఎవరో వచ్చి ముట్టుకున్నాకే తేడా వస్తుంది, అప్పుడు కొట్టేస్తుంది. ప్రాణం పోదు గానీ షాక్ తగులుతుంది. ఎర్త్ కూడా ఉంటే కరెంటు డబ్బాకు తగిలిన క్షణానే భూమిలోకి పోతుంది, మనిషి ముట్టుకోకముందే ఆర్‌సీసీబీ పడిపోతుంది.

ఇంకో రెండు సంగతులు. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే ఆర్‌సీసీబీ కాపాడలేదు, దాని లెక్కలో మీరూ ఒక బల్బే. లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా అది పడదు. దానికి ఎంసీబీ వేరుగా ఉండాల్సిందే.

కొన్ని పాత ఇళ్లలో ఆర్‌సీసీబీ పెట్టగానే ఊరికే పడిపోతూ ఉంటుంది. "ఇది పనికిరాదు" అని తీసేసి నేరుగా కలిపేస్తారు. పడిపోతోందంటే ఒక గది న్యూట్రల్ ఇంకో గదికి కలిసి ఉందనో, చెమ్మ గోడలో వైరు కారుతోందనో అర్థం. తప్పు వెతకాలి గానీ కాపలావాడిని తీసేయకూడదు.

ఇల్లంతా వైరింగ్ మార్చలేం సార్

మార్చక్కర్లేదు. ఇల్లంతా మార్చాలంటే ఇరవై ముప్పై వేలని భయపడి అసలే మానేస్తారు. మీకు కావాల్సింది కంప్యూటర్ బల్ల దగ్గర ఒక్క మంచి పాయింటు. మీటరు బోర్డు నుంచి ఆ బల్ల దాకా మూడు వైర్లు కొత్తగా లాగించండి. ఫేజు ఎరుపు, న్యూట్రల్ నలుపు, ఎర్త్ ఆకుపచ్చ. రాగి వైరు, 2.5 చదరపు మిల్లీమీటర్లది. ప్లాస్టిక్ పట్టీలో గోడ పైనుంచే లాగొచ్చు, మట్టి గోడలను తొలచొద్దు. ఆ లైనుకు వేరుగా ఒక చిన్న ఎంసీబీ, ఆర్‌సీసీబీ. బల్ల దగ్గర త్రీ పిన్ సాకెట్. మిగతా ఇల్లు ఎలా ఉందో అలాగే ఉండనివ్వండి, డబ్బులు చేరినప్పుడు చూసుకుందాం.

ఆ ఆకుపచ్చ వైరు రెండో కొస ఎర్త్ గుంతకు పోవాలి. ముందుగా మీటరు దగ్గర ఎర్త్ టెర్మినల్ ఏదైనా ఉందేమో సెక్షన్ ఆఫీసులో అడగండి. సరఫరా మొదలయ్యే చోట వినియోగదారుడికి ఎర్త్ టెర్మినల్ ఇవ్వాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లో ఉంది. పాత సర్వీసుల్లో అది కనిపించడం తక్కువ. అడగడంలో తప్పు లేదు. లేదంటే సొంతంగా తవ్వించుకోవాలి.

గుంత ఎలా ఉండాలి? గోడకు కనీసం ఒకటిన్నర మీటరు దూరంలో, రెండున్నర మీటర్ల జీఐ పైపు నిలువుగా దిగాలి. చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేస్తారు. అవి తేమను పట్టి ఉంచుతాయి. పైన చిన్న గూడు కట్టి మూత పెట్టాలి. బట్టలుతికే బండ పక్కనో, స్నానాల నీళ్లు పోయే వైపో అయితే మంచిది, ఎప్పుడూ తడిగా ఉంటుంది. ఎండాకాలంలో వారానికోసారి ఒక బిందె నీళ్లు పోయండి. ఇది మాత్రం కరెంటు ఆఫీసు వాళ్లు వచ్చి చేసేది కాదు, ఇంట్లో వాళ్లే గుర్తుపెట్టుకోవాలి. తులసికోటకు పోసే అమ్మకు చెబితే ఎప్పుడూ మర్చిపోదు.

కింద బండ తగిలితే?

మన దగ్గర నల్లరేగడి నేల ఉన్నచోట ఎర్త్ సులువుగా వస్తుంది. రాతినేల ఉన్న ఊళ్లలో నాలుగు అడుగులకే బండ తగులుతుంది. అప్పుడు ఎర్త్ బలహీనంగా ఉంటుంది. ఎంత బలహీనమైతే ఏమవుతుందో చిన్న లెక్క చూడండి.

ఎర్త్ అడ్డు 5 ఓంలు ఉందనుకుందాం, అది మంచి ఎర్త్. డబ్బాకు ఫేజు తగిలితే 230ని 5తో భాగించాలి, 46 ఆంపియర్లు పారతాయి. ఫ్యూజు టప్పున పోతుంది. బండ నేలలో అది 100 ఓంలు ఉందనుకుందాం. 230ని 100తో భాగిస్తే 2.3 ఆంపియర్లు. 6 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. పడిపోదు, డబ్బా మీద కరెంటు అలాగే ఉంటుంది, మీరు మాత్రం "నాకు ఎర్త్ ఉంది" అనే ధైర్యంతో ముట్టుకుంటారు. అదే ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంటే దానికి 0.03 ఆంపియర్లు చాలు. 2.3 అంటే దానికి డెబ్బై రెట్లకు పైగా ఎక్కువ. వెంటనే పడిపోతుంది.

అంటే మంచి నేల ఉన్నవాళ్లకంటే బండ నేల ఉన్నవాళ్లకే ఆర్‌సీసీబీ ఎక్కువ అవసరం.

యూపీఎస్ ఉంది కదా, స్పైక్ బస్టర్ ఉంది కదా?

యూపీఎస్ కరెంటు పోయినప్పుడు కాసేపు నిలబెట్టే బ్యాటరీ, అంతే. అది ఎర్త్ తయారు చేయదు. గోడలో ఉన్న ఎర్త్‌ను ముందుకు పంపుతుంది, లేకపోతే లేదు. ఇంకోటి, అది బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు గోడ దగ్గరున్న ఆర్‌సీసీబీకి దాని ముందున్న వైర్ల సంగతి తెలియదు. కరెంటు పోయింది కదా అని డబ్బా విప్పి చేతులు పెట్టొద్దు. లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కు గుచ్చొద్దు, వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా ఇస్త్రీ పెట్టెంత లాగుతుంది.

స్పైక్ బస్టర్ అని అమ్మేవాటిలో రక్షణ ముక్కలు ఉంటాయి, ఎక్కువ వోల్టేజీ వస్తే కొంత న్యూట్రల్‌లోకి, కొంత ఎర్త్‌లోకి మళ్లిస్తాయి. ఎర్త్ లేకపోతే ఆ సగం పని జరగదు. ఉరుములు మెరుపులు మొదలైతే దేన్నీ నమ్మొద్దు. ప్లగ్ పీకేయండి, ఇంటర్నెట్ వైరు కూడా పీకేయండి. పిడుగు కరెంటు వైరు గుండానే రావాలని నియమం లేదు.

ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు

లైసెన్సు ఉన్నవాళ్లనే పిలవండి. పని అయ్యాక డబ్బులు ఇచ్చే ముందు మీ ఎదుటే మీటరు పెట్టి చూపించమనండి. మీరు వేలు పెట్టొద్దు, పక్కన నిలబడి అంకెలు చూడండి. ఫేజు, న్యూట్రల్ మధ్య 230 దగ్గర ఉండాలి. ఫేజు, ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే ఉండాలి. అక్కడ 80, 110 అని తేలుతూ ఉంటే ఎర్త్ అందలేదు. న్యూట్రల్, ఎర్త్ మధ్య ఒకటి రెండు వోల్టులు ఉంటే సరే. కంప్యూటర్, ఫ్యాను నడుస్తున్నప్పుడు కూడా అక్కడ కచ్చితంగా సున్నా వస్తే సంతోషపడకండి. ఎక్కడో వైరు ముక్కతో కలిపేశారేమో అని సాకెట్ విప్పించండి.

తర్వాత ఫేజు నుంచి ఎర్త్‌కు ఒక బల్బు పెట్టి చూడమనండి. ఆర్‌సీసీబీ వెంటనే పడిపోవాలి. ఎర్త్, ఆర్‌సీసీబీ రెండూ పనిచేస్తున్నాయని ఒకే దెబ్బతో తెలుస్తుంది. "టి" బటన్ నొక్కితే పడిపోయింది చాలు కదా అంటారు కొందరు. ఆ బటన్ ఆర్‌సీసీబీ బాగుందనే చెబుతుంది, ఎర్త్ ఉందని చెప్పదు. ఆ బటన్‌ను మాత్రం మీరే నెలకోసారి నొక్కి చూడండి, సంఘం మీటింగు రోజున అనుకుంటే గుర్తుంటుంది. నొక్కినా పడకపోతే మార్చేయాలి.

స్తంభం దగ్గర, సర్వీసు వైరు దగ్గర, మీటరు సీలు దగ్గర మీ ఎలక్ట్రీషియన్‌ను చేయి పెట్టనివ్వొద్దు. ఇంట్లో బల్బులు ఒకసారి మసకగా, ఒకసారి మరీ వెలుగుగా వస్తున్నాయంటే న్యూట్రల్ జాయింటు ఊగుతున్నట్టు. మెయిన్ ఆపేసి 1912కు ఫోన్ చేయండి.

ఎవరికైనా కరెంటు పట్టుకుంటే ముందు మెయిన్ ఆపండి. ఆపకుండా మనిషిని ముట్టుకోవద్దు. మెయిన్ అందకపోతే ఎండిన కర్రతోనో, ప్లాస్టిక్ కుర్చీతోనో నెట్టి విడదీసి 108కి ఫోన్ చేయండి. మనిషి లేచి "బాగానే ఉన్నా" అన్నా ఆస్పత్రికి తీసుకెళ్లి గుండె పరీక్ష చేయించండి.

బిల్లు ఎంత పెరుగుతుంది?

మామూలు డెస్క్‌టాప్, మానిటర్ కలిపి టైపింగ్ పనికి 150 వాట్ల దాకా తీసుకుంటాయి. రోజుకు 8 గంటలంటే 1.2 యూనిట్లు. నెలకు 25 రోజులు పని చేస్తే 30 యూనిట్లు. తెలంగాణలో గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి జీరో బిల్లు వస్తున్న ఇళ్లవాళ్లు ఈ 30ని ముందే లెక్కలో వేసుకోవాలి. 200 యూనిట్లు దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సి వస్తుంది, దాటిన యూనిట్లకే కాదు. కూలర్ నడిచే నెలల్లో మీటరు రీడింగు మధ్యలో ఒకసారి చూసుకోండి. పని పెరిగి ఇంటి ముందు బోర్డు పెట్టి దుకాణంలా నడుపుతుంటే ఇంటి కనెక్షన్ సరిపోతుందా, కేటగిరీ మార్చాలా అన్నది సెక్షన్ ఆఫీసులో ముందే అడగడం మంచిది.

ఎర్త్ ఉన్నా లేకున్నా యూనిట్లు అవే. ఎర్త్ గుంత తవ్వితే బిల్లు పెరుగుతుందని ఒక ఊళ్లో గట్టిగా వాదించారు. పెరగదు. ఎర్త్ వైరులో కరెంటు పారి బిల్లు పెరుగుతోందంటే ఇంట్లో ఎక్కడో తప్పు ఉందని, ఆర్‌సీసీబీ ఉంటే అది ఎప్పుడో పడిపోయేదని అర్థం.